గడప తొక్కనన్న దవాఖాన

నాకు క్యాన్సర్ నయమైందని తొండుపల్లి నుంచి జల్‌పల్లి దాకా అందరికీ తెలుసు. డాక్టర్లు చాటింపు వెయ్యలేదు. నేనే మైకు పట్టుకుని చెప్పాను.

మా సంఘంలో అదొక పద్ధతి. జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా, తప్పిపోయిన బర్రె దొరికినా ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే దేవుడు చేసిన మేలు మింగి కూర్చున్నట్టు లెక్క. మామూలుగా మనిషికి ఐదు నిమిషాలు ఇస్తారు. నేను ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాను. మా ఆయన డానీ చివరి బెంచీలో కూర్చుని వాచీ చూసుకున్నాడట. ఆ తర్వాత వారం రోజులు అదే చెప్పి నన్ను ఏడిపించాడు.

నాకు మాట్లాడటం ఇష్టం, దాచుకోవడం ఎందుకు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి మొదలుపెట్టి ఆపరేషన్, కీమోలు, జుట్టు ఊడిపోవడం, పందొమ్మిది రోజులు కరెంటు, అదే రేడియేషన్ పెట్టించుకోవడం, అన్నీ వరసగా చెప్పాను. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. ముందు వరసలో దుర్గవ్వ ప్రతి మాటకూ హల్లెలూయ అంటోంది. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్లయినా పేరు మార్చుకోని మనిషి దుర్గవ్వ. ఆమె హల్లెలూయ అంటే పక్క వీధికి వినబడుతుంది. ఆ ఊపులో ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. చివర్లో చెయ్యి పైకెత్తి, "నా దేవుడు నన్ను పూర్తిగ బాగు చేసిండు. ఇగ నేను బతికున్నన్ని దినాలు దవాఖాన గడప తొక్క" అనేశాను.

అది ముందుగా అనుకున్న మాట కాదు. అందం కోసం నోటికొచ్చింది, వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఆరు నెలలకోసారి తప్పకుండా రావాలని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఆ సమయానికి నా బ్యాగులోనే ఉంది.

మా పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. ఆ మాట అయ్యగారికి తెగ నచ్చింది. ప్రసంగం మధ్యలో ఆపి, "మన జయశీల ఏమన్నది?" అని అడిగేవారు. "దవాఖాన గడప తొక్క అన్నది" అని సంఘమంతా ఒక్క గొంతుతో చెప్పేది. తర్వాత వేరే మందిరాల వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. రావిర్యాలలో చెప్పాను, శంషాబాద్‌లో రెండు చోట్ల చెప్పాను, మొత్తం పదకొండు మందిరాలు. వెళ్లిన ప్రతిచోటా ఒక శాలువా కప్పి, బిర్యానీ పెట్టి పంపేవారు. ఎప్పుడూ ఎవరూ పిలవని మనిషిని పిలిస్తే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. బాగుంటుంది. చాలా బాగుంటుంది.

ఆ బాగుండటంలోనే చెకప్‌లు పోయాయి. సాక్ష్యం చెప్పాక ఒకసారి మాత్రం మొహానికి మాస్కు పెట్టుకుని దొంగలా వెళ్లాను. అక్కడ శంషాబాద్ బస్టాండు దగ్గర పూలమ్మే ఆమె కనబడింది. ఆమె నన్ను చూసిందో లేదో గాని నేను మాత్రం బాత్రూములో అరగంట నిలబడ్డాను. అదే ఆఖరు. ఫిబ్రవరిలో పోవాల్సింది పోలేదు. ఏడాదికోసారి రొమ్ము ఫొటో, అదే మామోగ్రామ్ తీయించుకోవాలన్నారు. అదీ తీయించుకోలేదు. ఇంట్లో, "డాక్టరమ్మ ఇగ ఏడాదికోసారి చాలన్నది" అని చెప్పాను. రోజూ వేసుకోమన్న మాత్ర మాత్రం మానలేదు. దవాఖాన గడప అన్నాను గాని మందుల షాపు గడప అనలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను ఎయిర్‌పోర్టులో పనిచేస్తాను. ప్రయాణికులు మర్చిపోయిన సామాను తెచ్చిపెట్టే కౌంటరు మాది. ఇంతకుముందు వీల్‌చైర్లు తోసేదాన్ని. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు కూడా తీశారు, ఆ చేత్తో బరువులు వద్దన్నారని కంపెనీవాళ్లు ఇక్కడ కూర్చోబెట్టారు. బెల్టులు, ల్యాప్‌టాప్‌లు, చంటిపిల్లల ఉయ్యాల బండ్లు, ఒకసారి ఎవరిదో పళ్లసెట్టు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. పోగొట్టుకున్నవాళ్లలో కొందరు పరుగెత్తుకొచ్చి అడుగుతారు. ఇంకొందరు అడిగితే లేదంటారేమోనని కౌంటరు చుట్టూ తిరుగుతుంటారు గాని నోరు తెరవరు. ఈ రెండో రకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. అడిగితే ఏం పోయింది అనుకునేదాన్ని.

ఆగస్టు ఆఖర్న ఒక మంగళవారం పొద్దున స్నానం చేస్తుంటే కుట్ల గీత చివర ఏదో గట్టిగా చేతికి తగిలింది. శనగ గింజంత ఉంది. నొప్పి లేదు. మొదటిసారి వచ్చినప్పుడు కూడా నొప్పి లేదు.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. రోజుకు మూడుసార్లు స్నానం చేసేదాన్ని, అది తగ్గిందేమో చూసుకోవడానికి. "గిన్ని స్నానాలైతే బోరు ఎండిపోతది" అని డానీ విసుక్కున్నాడు. అది తగ్గలేదు, పెరిగిందా అంటే తెలియదు. ప్రార్థన చేద్దామని మోకరిస్తే మాట రావడం లేదు. మళ్లీ వచ్చిందా, లేదా, అదొక్కటే నాకు కావలసింది. అది చెప్పగలిగినవాళ్లు ఆ గడప అవతల కూర్చున్నారు. గడప తొక్కితే పదకొండు మందిరాల్లో నేను అబద్ధం చెప్పినట్టు. తొక్కకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కీమో వార్డులో నా పక్క మంచం మీద ఉన్నావిడ అలా ఆలస్యం చేసి వచ్చిందే.

ఆ మూడో వారంలో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటున్నప్పుడు మా అమ్మాయి షెకీనా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. నోరు నాదే, తెలివి వాళ్ల నాన్నది.

"మమ్మీ, నువ్వు ఫోను ఇంట్లనే మర్చిపోయి పోయినవ్. దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఫిబ్రవరిల రావాల్సినోళ్లు ఎందుకు రాలే, బతికే ఉన్నరా అని అడిగిన్రు."

"గట్లనే అడిగిన్రా?"

"గట్ల అడగలే. బాగున్నరా అన్నరు. కని అడిగింది గదే."

నేను చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను.

"ఏడాదికోసారి చాలన్నరని చెప్పినవ్ గద మాకు," అంది.

"మైకుల చెప్పిన బిడ్డా, ఇగ పోనని."

"అయితేంది? నువ్వు దవాఖానకు పోతే దేవుని పరువు పోతదా?"

"దేవునిది గాదు," అన్నాను. "నాది."

మూడు వారాలుగా నాలో నేను ఎంత గింజుకున్నా బయటికి రాని నిజం అలా ఒక్క మాటలో వచ్చేసింది. వచ్చాక ఇంకేం దాచను. దాని చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టాను. షెకీనా వేలితో ఒకసారి తడిమి చూసింది. దాని మొహంలో కోపం పోయింది. చెయ్యి తీయకుండానే గట్టిగా, "డాడీ" అని పిలిచింది.

డానీ ఎయిర్‌పోర్టుకు కారు తిప్పుతాడు. బయట కారు కడుగుతున్నవాడు తడి చేతులతోనే లోపలికి వచ్చాడు. షెకీనా చెప్పినదంతా విన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు. "గురువారం పొద్దుగాల ఆరింటికి పోదాం" అని మళ్లీ వెళ్లి కారు కడుక్కున్నాడు. ఆ రోజు ఆ కారును రెండుసార్లు కడిగాడు.

గురువారం పొద్దున్నే కారులో బయల్దేరాం. ఆరాంఘర్ దాటాక డానీ అన్నాడు, "చెప్తే తిడుతననుకున్నవా?"

"లేదు."

"మరేంది?"

"ఆ శాలువలన్నీ యాడ పెట్టాల్నో సమజ్ గాలే."

డానీ నవ్వాడు. నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు భయం కొంచెం తగ్గింది. ఒంటరిగా మోసినన్ని రోజులు అది ఎంత బరువుందో తెలియలేదు.

దవాఖానలోకి మాస్కు పెట్టుకుని, తలమీదుగా చున్నీ కప్పుకుని, షెకీనావి నల్లకళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ సింధూర గారిది కోస్తా వైపు మాట. ఎంత కోపంలోనైనా గారు తగిలించే మాట్లాడతారు.

"ఎండలో నడిచొచ్చారా జయశీల గారూ? కళ్లద్దాలు తీయండి, మీరేనని ఎప్పుడో తెలిసింది," అన్నారు. ఫైలు తిరగేసి, "ఏడు నెలలు ఎక్కడికి వెళ్లిపోయారండీ?" అని అడిగారు.

అబద్ధాలు ఆడీ ఆడీ విసుగొచ్చింది. మొత్తం చెప్పాను. మైకు సంగతి, గడప సంగతి, అయ్యగారు అడిగితే సంఘమంతా చెప్పే సంగతి. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఇక్కడ కారణం రాయాలండీ. ఊరెళ్లారని రాస్తున్నాను" అని పెన్ను తీసుకున్నారు. ఆవిడ మీద నాకు ఆ క్షణంలో పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

పరీక్ష చేస్తున్నంతసేపూ ఆవిడ మొహమే చూశాను. ఎయిర్‌పోర్టులో పదకొండేళ్లు మొహాలు చదివినదాన్ని, ఆవిడ మొహం మాత్రం చదవలేకపోయాను. రెండు రొమ్ములూ, రెండు చంకలూ, మెడ కిందా తడిమి చూసి చెప్పారు.

"ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టిన చోట కొవ్వు గట్టిపడి కూడా ఇలా తగులుతుందండీ. జబ్బు మళ్లీ వచ్చినా ఇలాగే తగులుతుంది. చేత్తో చూసి ఏదో ఒకటి అనేస్తే అది నా తప్పవుతుంది. ఫొటో తీద్దాం, స్కానింగ్ చేద్దాం, సూదితో కొంచెం ముక్క తీసి పంపిద్దాం. సోమవారం రండి, చెబుతాను."

ఫొటో తీసేటప్పుడు రెండు పలకల మధ్య పెట్టి నొక్కారు. స్కానింగ్‌లో చల్లటి జెల్లు రాశారు. సూది గుచ్చినప్పుడు చప్పుడైంది గాని నొప్పి పెద్దగా తెలియలేదు, మత్తు ఇచ్చారు. అన్నీ అయ్యాక బట్టలు వేసుకుంటుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది. సోమవారానికి ముందు ఆదివారం ఉంది. ఆ ఆదివారం జల్‌పల్లిలో స్త్రీల కూటం. అందులో సాక్ష్యం నాది.

శనివారం అమ్మగారికి ఫోన్ చేసి, ఒంట్లో జర బాగలేదు, రేపు రాలేనన్నాను. అమ్మగారు నెమ్మదస్తురాలు, ఎప్పుడూ గొంతు పెంచదు. "కాగితాలు అచ్చేసి పంచిన్రు జయశీలా. నీ ఫొటో ఏసిన్రు" అని మాత్రం అంది. ఫొటో అనగానే నేను మెత్తబడిపోతానని ఆమెకు తెలుసు. ఈసారి ఫొటో కోసం కాదు గాని, వెళ్లాలనే అనిపించింది. ఎందుకో చెప్పలేను. కౌంటరు చుట్టూ తిరగడం ఇక చాలనిపించింది.

జల్‌పల్లిలో షామియానా కింద మూడు నాలుగు వందల మంది ఆడవాళ్లు. అయ్యగారు నన్ను పరిచయం చేశారు. తర్వాత అలవాటు ప్రకారం, "మన జయశీల ఏమన్నది?" అని అడిగారు. మా సంఘం వాళ్లంతా ఒక్క గొంతుతో చెప్పారు. జల్‌పల్లి వాళ్లు చప్పట్లు కొట్టారు. మైకు నా చేతికి వచ్చింది.

"నేను గడప తొక్కనన్న," అన్నాను. "మొన్న గురువారం తొక్కిన."

చప్పట్లు ఆగిపోయాయి.

"కుట్ల కాడ చేతికి గట్టిగ తగిలింది. మూడు వారాలు ఎవ్వలకు చెప్పలే. మొన్న పోతే సూది గుచ్చి తీసుకున్నరు. రేపు చెప్తరు. ఏం చెప్తరో నాకు తెల్వది. మస్తు భయమైతున్నది. దేవుడు నన్ను బాగు చేసిండన్న, గది అబద్ధం గాదు. ఇప్పుడు గూడ అదే అంట. కని దవాఖానకు పోనని చెప్పుమని ఆయన నాకు చెప్పలే. గది నేనే అన్న, చప్పట్లు కొడ్తరని. అని ఆయన మీద పెట్టిన. తప్పయింది. మీల ఎవ్వలకన్న చేతికేమన్న తగిలితే నా మాట పట్టుకొని ఇంట్ల కూసోకున్రి."

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. హల్లెలూయ అందామని దుర్గవ్వ నోరు తెరిచి, ఏమనాలో తెలియక మూసుకుంది. పైనుంచి విమానం దిగుతూ పోయింది. అయ్యగారు మైకు తీసుకున్నారు. ఆయన మాటలు వెతుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు. చివరికి ప్రార్థన చేద్దామన్నారు. నేను విన్నవాటిలో ఆయన చేసిన అతి చిన్న ప్రార్థన అదే. జయశీలకు తోడుండు తండ్రీ అన్నారు, ఆమేన్ అన్నారు.

భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అయిపోయింది, ఇక ఎవరూ పిలవరు అనుకున్నాను. పిలవకపోతే పోనీ అని కూడా అనుకున్నాను, అది సగం నిజం. అప్పుడు దుర్గవ్వ ప్లేటు పట్టుకుని వచ్చి పక్క కుర్చీలో కూలబడింది.

"నొప్పుంటదా బిడ్డా?"

"ఉండదవ్వా. గందుకే తెల్వది."

"మరి ఎట్ల చూసుకోవాలె?"

చెప్పాను. ఎడమ చేత్తో బిర్యానీ ప్లేటు పట్టుకుని కుడిచేత్తో గాలిలో చూపిస్తూ చెప్పాను. ఇంకో ఇద్దరు వచ్చారు. తర్వాత ముక్కూ మొహం తెలియని జల్‌పల్లి ఆడవాళ్లు ఐదారుగురు కుర్చీలు లాక్కున్నారు. అమ్మగారు మాత్రం మా వైపు రాలేదు. దూరంగా గరిటె పట్టుకుని వడ్డిస్తూ, నేను చూస్తే తల తిప్పుకుంది. వ్యానులో తిరిగొచ్చేటప్పుడు కూడా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మొగుడి ప్రసంగం పాడుచేశానని కోపమొచ్చింది కాబోలు అనుకున్నాను. కోపం రావడం న్యాయమే అనిపించింది.

సోమవారం పదిన్నరకు డాక్టర్ సింధూర గారు లోపలికి పిలిచారు. డానీ నా వెనకాల నిలబడ్డాడు, కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఆవిడ రిపోర్టు టేబుల్ మీద పెట్టకముందే చెప్పేశారు. అలా ముందే చెప్పేవాళ్లు నూరేళ్లు బతకాలి.

"కొవ్వేనండీ. క్యాన్సర్ లేదు."

"లేదా?"

"లేదు."

"పక్కానా మేడం?" అని డానీ అడిగాడు.

"పక్కా అండీ. ఫొటో, స్కానింగ్, ముక్క పరీక్ష, మూడూ ఒకే మాట చెబుతున్నాయి. రెండో రొమ్ము కూడా శుభ్రంగా ఉంది. ఆ గట్టితనం అలాగే ఉండొచ్చు, మెల్లగా తగ్గొచ్చు. పెరిగినట్టు అనిపిస్తే ఆ రోజే రండి, ఊరెళ్లకండి. అనిపించకపోతే మార్చిలో రండి."

నేను ఇంకోసారి అడిగాను, ఆవిడ ఇంకోసారి చెప్పారు. డానీ రెండు చేతులూ ఎత్తి ఆవిడకు దండం పెట్టాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఆకలేసింది. మూడు వారాలుగా ఏం తింటున్నానో తెలియలేదు, ఆ ఆకలంతా ఒక్కసారి లేచింది. క్యాంటీన్‌లో నాలుగిడ్లీ తిన్నాను, మళ్లీ రెండు తెప్పించుకున్నాను. చట్నీలో ఉప్పు తక్కువైంది, అదీ బాగానే ఉంది. షెకీనాకు ఫోన్ చేస్తే క్లాసులో ఉండి ఎత్తలేదు. కొవ్వంట అని మెసేజ్ పెడితే వెంటనే, "ముందే చెప్పిన, జర తక్కువ తిను అని" అని జవాబు పెట్టింది. దాని కింద ఏడుస్తున్న బొమ్మలు వరసగా తొమ్మిది పెట్టింది.

చేతులు కడుక్కుంటుంటే అమ్మగారి ఫోను వచ్చింది.

"ఏమన్నరు జయశీలా?"

"ఏం లేదంటమ్మగారూ. కొవ్వంట."

"దేవునికి స్తోత్రం," అంది. వెనక ఆటో చప్పుడు వినబడింది. "నువ్వు ఇంక దవాఖానలనే ఉన్నవా?"

"క్యాంటీన్ల ఉన్న."

"జర ఆన్నే ఉండు. నేను ఆటోల వస్తున్న. ఆరాంఘర్ దాటిన."

"మీకెందుకమ్మగారూ గింత దూరం, మేమే వచ్చి కలుస్తం గద."

"నీకోసం గాదు," అంది. "నాకోసం."

అరగంటలో వచ్చింది. డానీ ఆమెను చూసి, అడక్కుండానే చీటీ రాయించడానికి కౌంటరు దగ్గరికి వెళ్లాడు. అమ్మగారు నా పక్కన కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"కుడి పక్క," అంది. "మే నెల నుంచి ఉన్నది."

"అయ్యగారికి తెల్సా?"

"ఏమని చెప్పాలె? ఆయన ప్రతి ఆదివారం నీ మాట చెప్పి మెచ్చుకుంటడు. పాస్టరు పెండ్లాం దవాఖానకు ఉరికిందంటే ఎట్లుంటది? జయశీలకున్న విశ్వాసం నాకు లేదా అని ఊకున్న. రాత్రిపూట నీ మాటే అనుకునేదాన్ని, తొక్క తొక్క అని. నిన్న నువ్వు చెప్తుంటే నీ దిక్కు చూడలేకపోయిన. చూస్తే ఆన్నే ఏడుస్తుంటి."

నాకేమీ లేదని విన్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ హాలులో అందరూ చూస్తున్నా ఆగలేదు. నాలుగు నెలలు. నేను శాలువాలు కప్పించుకుంటున్న నాలుగు నెలలూ ఈమె దీన్ని ఒంటి మీద పెట్టుకుని మాకు వడ్డిస్తూ తిరిగింది. నా గడ్డ గురించి నేను పడ్డ భయం ఈ సిగ్గు ముందు ఎందుకూ పనికిరాలేదు.

"నన్ను తిట్టున్రి అమ్మగారూ."

"తిట్టేతందుకు గింత దూరం వస్తనా?" అంది. "ఏడ్వకు. లోపట ఏం జేస్తరో చెప్పు."

పలకల మధ్య నొక్కడం గురించీ, చల్లటి జెల్లు గురించీ చెప్పాను. నాకు తెలిసిన విషయం ఎవరికైనా పనికొచ్చేలా చెప్పడం నిన్నటి నుంచే మొదలైంది.

ఫొటో అయ్యాక స్కానింగ్ గదిలోకి నన్ను కూడా రానిచ్చారు. అమ్మగారి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. తెరమీద నల్లగా, గుండ్రంగా ఒకటి కనబడింది. స్కానింగ్ చేసే ఆమె డాక్టర్ సింధూర గారిని పిలిచింది. ఇద్దరూ తెర వైపు చూస్తూ తగ్గు గొంతుతో మాట్లాడుకుంటుంటే అమ్మగారి గోళ్లు నా అరచేతిలో దిగాయి. నేను చెయ్యి తీయలేదు.

"ఇది నీటి తిత్తి అండీ," అన్నారు సింధూర గారు. "గడ్డ కాదు. సూదితో ఇప్పుడే లాగేస్తాను, కదలకండి."

సిరంజి నిండా పలచగా, గడ్డి రంగు నీళ్లు వచ్చాయి. లాగుతున్నకొద్దీ తెరమీద ఆ నల్లటిది చిన్నదైపోయి, చివరికి కనబడకుండా పోయింది. అమ్మగారు లేచి కూర్చుని ఆ చోట చేత్తో తడుముకుంది. మళ్లీ తడుముకుంది. నమ్మకం కుదరక నా చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. ఏమీ లేదు.

"గింతేనా?" అంది. నాలుగు నెలల్లో ఆమె ముఖంలో నేను చూడని నవ్వు వచ్చింది. నవ్వు లేదని కూడా ఇన్నాళ్లు గమనించలేదు నేను.

"ఫొటో కూడా బాగానే ఉందండీ. మళ్లీ నిండుతుందేమో చూడాలి, డిసెంబర్లో రండి" అని సింధూర గారు ఆమె కాగితం మీద తేదీ రాసిచ్చారు.

మేం బయటికి వచ్చి కూర్చునేసరికి అమ్మగారి ఫోను మోగింది. అయ్యగారు. ఇంట్లో లేవేంటి, ఎక్కడున్నావని అడుగుతున్న ఆయన గొంతు నాకు వినబడుతూనే ఉంది. అమ్మగారు నా వైపు చూసింది. మార్కెట్టుకొచ్చానని చెప్పినా చెల్లేది.

"దవాఖానల ఉన్న," అంది. తర్వాత మే నెల నుంచి మొదలుపెట్టి అంతా నెమ్మదిగా, ఒక్క మాట వదలకుండా చెప్పింది. చివరికి ఫోను నాకు ఇచ్చింది. "నీతోని మాట్లాడతరంట."

"వందనాలు అయ్యగారూ," అన్నాను.

"జయశీలా." అంతే, ఆగిపోయారు. మైకు లేకపోయినా మందిరం నిండేంత గొంతు ఆయనది. ఇప్పుడు వినడానికి ఫోను చెవికి గట్టిగా ఆనించుకోవలసి వచ్చింది. "నిజం చెప్పమ్మా. ఆమెకు ఏం గాలేదు గద?"

"ఏం గాలేదు అయ్యగారూ. నీళ్లంట. నా కండ్ల ముందే తీసేసిన్రు. ఇప్పుడేం లేదు, నేను చేత్తోని చూసిన."

ఆయన ఏడుస్తున్నారని అర్థమైంది. అమ్మగారు నా భుజం మీద చెయ్యి వేసి వింటోంది. కాసేపటికి అవతల సొరుగు లాగిన చప్పుడు, కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడ్డాయి.

"మళ్ల ఎప్పుడు రమ్మన్నరు?" అన్నారు. "తేదీలు చెప్పు, రాసుకుంట. ఇద్దరివి."

నేను రెండు కాగితాలూ ఒళ్లో పరుచుకుని, ఒక్కొక్కటే చదివి చెప్పాను.